చలనచిత్రకర్తల స్వీయవ్యాఖ్యానము

కావ్యమును నిర్మించువానికిఁ గావలసిన ప్రతిభ వేఱనియు, దాని నాస్వాదించువానికిఁ గావలసిన ప్రతిభ వేఱనియు రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు విభజించి, మొదటిదానికిఁ గారయిత్రి యనియు, రెండవదానికి భావయిత్రి యనియుఁ బేరు పెట్టినాఁడు. ఈ రెండును ఒక్కనియందే యుండునా, వేర్వేఱు జనులయం దుండునా యను చర్చయు నాతఁడే యెత్తికొనెను. ఆంధ్రులకు సంబంధించిన యాలంకారికులలో నిద్దఱు తమ గ్రంథరచనచేతనే యీ ప్రశ్నకు సమాధాన మిచ్చిరి. ఓరుగంటి కాకతీయప్రభువగు ప్రతాపరుద్రుని యాశ్రయమున వెలసిన విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున లక్షణములను జెప్పి, వాని కుదాహరణములుగా నా రాజునుగూర్చి తాను రచించిన శ్లోకములను జేర్చెను. నాటకలక్షణమునకు లక్ష్యముగా నొక నాటకమునే గ్రంథమధ్యమున నిలిపెను. పదునేడవ శతాబ్దిని వెలసిన జగన్నాథపండితరాయలు రసగంగాధరమునందు స్వీయపద్యములనే యుదాహరణములుగా నిచ్చి, కవియు లాక్షణికుఁడును దానే యయ్యెను.

కర్త తన నిర్మాణరహస్యమును దానే చెప్పినప్పుడు భావకునకుఁ గలుగు లాభ మెట్టిది? ఆ మాటను బ్రమాణముగా నెంతవఱకు గ్రహింపవచ్చును? ఇరువదవ శతాబ్దిలో నొక క్రొత్తకళవిషయమున నీ ప్రశ్నలు మరల నుదయించినవి. ఆ కళ చలనచిత్రము. దాని కర్తలలోఁ బలువురు పత్రికలలో వ్యాసములు వ్రాసియు, సభలలోఁ బ్రసంగించియు, తోడికర్తల ప్రశ్నలకు బదులు చెప్పియుఁ దాము కథను జెప్పిన తీరును బ్రేక్షకులకు విప్పి చూపుచు వచ్చిరి. వారి మాటలు నేఁ డొక చిన్న వాఙ్మయముగా నేర్పడి యున్నవి.

చలనచిత్రమున కిట్టి వ్యాఖ్యానము కావ్యమునకుఁ గంటె నెక్కువగా నవసరమగుటకుఁ గారణము కలదు. పద్యమునందలి శిల్ప మంతయుఁ బద్యమునందే యున్నది. పాఠకుఁడు దానిని ముందు పెట్టికొని యతిప్రాసములను, సమాసఘటనను, ధ్వనిని దనకుఁ దానే పరిశీలింపఁ గలఁడు. చలనచిత్ర మట్టిది కాదు. తెరమీఁద నొక నిమిషము నడచు దృశ్యము పలుదినములందుఁ బలుతావులఁ గ్రమము తప్పి తీయఁబడిన ఖండముల కూర్పై యుండవచ్చును. ఆ కూర్పు నేర్పుతో జరిగినకొలఁదిని దాని యతుకులు కానరాకుండఁ బోవును. తోలుబొమ్మలాటను జూచువారు తెరమీఁది నీడలనే చూతురు గాని, తెరవెనుక దీపమును, బొమ్మ నాడించు చేతులను జూడరు గదా. చలనచిత్రమునందు నా తెర మఱింత దట్టమైనది. దానిని దొలఁగింపఁ గలవాఁడు ముఖ్యముగాఁ గర్తయే.

భారతదేశమున నీ పనికిఁ బూనుకొన్న తొలివారిలో దాదాసాహెబు ఫాల్కే ముఖ్యుఁడు. 1870 వ సంవత్సరమున నాసికప్రాంతమందలి త్ర్యంబకమునఁ బుట్టిన యితఁడు చిత్రలేఖనమును, ఛాయాగ్రహణమును, ముద్రణవిద్యను నేర్చి, ఏసుక్రీస్తు చరిత్రను జూపు నొక చలనచిత్రమును బొంబాయిలోఁ జూచి, ఆ రీతినే కృష్ణరాములకథలు తెరపై నేల నడువరాదను తలంపుచే నీ కళలోఁ బ్రవేశించెను. 1912 లో లండనునకుఁ బోయి పని తెలిసికొని, యంత్రసామగ్రితో మరలివచ్చెను. అప్పు డాతనికిఁ గావలసినది ధనము. ధనమిచ్చువారికిఁ గావలసినది నమ్మకము. మాటలచేత నమ్మకము పుట్టదని యెఱిఁగి, కుండలో నాటిన బఠానీగింజ మొలకెత్తి పెరుగుటను దినదినమును గొంచెము కొంచెముగా ఛాయాగ్రహణము చేసి, నెలనాళ్ల యెదుగుదల క్షణములలో జరిగినట్లు తెరపైఁ జూపెను. కాలమును కుదించుట యను చలనచిత్రశక్తి ఆ చిన్న చిత్రమున స్పష్టపడెను. ఇది కథాచిత్రము కాదు. కళయొక్క మూలసూత్రమునకుఁ బ్రత్యక్షోదాహరణము. పిమ్మట 1913 మే 3 వ తేదిని బొంబాయి కారొనేషన్ ప్రదర్శనశాలలో నాతని రాజాహరిశ్చంద్రచిత్రము ప్రజలయెదుటికి వచ్చెను.

విజయము లభించిన పిదప ననేకులు రహస్యమును దాఁచుకొందురు. ఫాల్కే యట్లు చేయలేదు. 1917, 1918 సంవత్సరములలో నవయుగమను మరాఠీపత్రికయందు భారతీయచిత్రపటములనుగూర్చి వరుసగా వ్యాసములు వ్రాసి, తన ప్రయత్నములను, కష్టములను, పని జరుగు తెఱఁగును బాఠకులకుఁ దెలిపెను. ఆ కాలముననే చలనచిత్రములు తయారగు విధమును జూపు చిత్ర మొకటి తీసెను. అందలి కొన్ని భాగములు నేఁటికిని నిలిచి యున్నవి. వానియందు ఫాల్కే స్వయముగా నటులకుఁ బని నేర్పుచును, చిత్రపటమును బరీక్షించి కూర్చుచును గనఁబడును. ఈ దేశమునఁ బ్రేక్షకులు తెరపైఁ గథలను జూచుట కలవాటుపడిన కొలఁదికాలమునకే కథ చెప్పువాఁడు తన చేతులను గూడఁ దెరపైఁ జూపుట విశేషము. రాజాహరిశ్చంద్రము నేఁడు పూర్తిగా లభింపదు. కావునఁ గర్త వ్రాసిన వ్యాసములును, తీసిన యా చిన్నచిత్రమును దొలినాళ్ల పనితీరునకు ముఖ్యసాక్ష్యము లైనవి.

ఐదాఱేండ్ల కావలఁ బాశ్చాత్యదేశములలోఁ జలనచిత్రములను బరిశీలించు సంఘములు పుట్టినవి. లండనునందలి ఫిల్ముసంఘము 1925 లో నేర్పడెను. వాణిజ్యప్రదర్శనశాలలలోఁ జూడ దొరకని చిత్రములను దెప్పించి చూచుటయే కాక, వాని కర్తలను బిలిచి మాటలాడించుటయు దాని కార్యక్రమములలోఁ జేరెను. 1929 లో రష్యాదేశపు దర్శకుఁడు పుదోవ్కిన్ ఆ సంఘమువారియెదుటఁ బ్రసంగించుచు నొక ప్రయోగమును వర్ణించెను. తానును దన గురువగు కులెషోవును మొజూఖిన్ అను ప్రసిద్ధనటుని మొగము నే భావమును దోఁపని రీతినున్న యొక ఖండమును దీసికొని, దానిని మూఁడు వేర్వేఱు ఖండములతో జోడించితి మని యాతఁడు చెప్పెను. ఒకదానియందుఁ బళ్లెములోని పులుసు, ఒకదానియందు శవపేటికలోని స్త్రీ, ఒకదానియందు బొమ్మతో నాడు బాలిక. మొగము మాఱనే లేదు. ఐనను జూచినవా రది పులుసునెదుటఁ జింతాక్రాంతమైనదనియు, శవమునెదుట దుఃఖించినదనియు, బాలికనెదుట మందహాసము చేసినదనియు భావించి నటుని గొనియాడి రని యాతని కథనము.

ఈ మాటలనుండి పుట్టిన సిద్ధాంతము గొప్పది. చలనచిత్రమున భావము నటుని మొగముననే కాక, రెండు ఖండముల పొందికయందుఁ బుట్టునని దాని సారము. ఆలంకారికభాషలోఁ జెప్పినచో, అనుభావము కొఱఁతపడినచోట విభావమే దానిని బ్రేక్షకునిచేత నూహింపఁ జేయును. చలనచిత్రవిద్యను బోధించు శాలలలో నీ ప్రయోగము నేఁటికిని మొదటిపాఠములలోఁ జెప్పఁబడుచున్నది.

కాని యీ సిద్ధాంతమునకు మూలమైన చిత్రఖండము నేఁడు లేదు. దానినిగూర్చి తెలిసినదంతయు దాని కర్తలు చెప్పిన మాటలే. ఆ మాటలలోను బొందిక చాలదు: పుదోవ్కిన్ చెప్పిన వస్తువులకును, కులెషోవు తరువాతి కాలమునఁ జెప్పిన వస్తువులకును భేదము కలదు. చూచినవా రెందఱు, వారి నేమని యడిగిరి యను వివరములును జక్కగా నిలువలేదు. 1992 లో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్లీ యను నిద్దఱు పరిశోధకులు ఈ ప్రయోగమును మరల జరిపి చూడఁగా, పుదోవ్కిన్ వర్ణించిన ఫలితము వారికిఁ గానరాలేదు. 2006 లో మఱికొందఱు శాస్త్రజ్ఞులు వేఱు విధమునఁ బరీక్షింపఁగా, సందర్భమునుబట్టి మొగమునందలి భావమునుగూర్చి చూపరుల నిర్ణయము మాఱుట కనఁబడెను. కాఁబట్టి సిద్ధాంతము నిస్సార మనరాదు. లండనుసభలోఁ జెప్పిన కథ యథాతథముగా జరిగినదనియు సిద్ధపఱుపరాదు. లక్ష్యము నశించి లక్షణము మాత్రము నిలిచినచో విద్వాంసున కెదురగు చిక్కు ఇదియే. ఉదాహృతశ్లోకములు తాళపత్రములలో శిథిలమై, సూత్రములు మాత్రము మిగిలిన యలంకారగ్రంథ మెట్టిదో, ఈ ప్రయోగవృత్తాంతమును నట్టిది.

దీనికి భిన్నమైన పద్ధతి 1962 లోఁ గానవచ్చినది. ఆ యేఁటి యాగస్టునెలలో ఫ్రెంచిదర్శకుఁడు ఫ్రాన్సువా త్రుఫో అమెరికాకుఁ బోయి, తనకంటె ముప్పదిమూఁడేండ్లు పెద్దవాఁడగు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ను గూర్చుండఁబెట్టి, ఆతని చిత్రముల నన్నింటిని వరుసగాఁ బ్రశ్నించెను. హెలెన్ స్కాట్ అను నామె యిరువురకు నడుమ దుబాసియై యుండెను. ఆ సంభాషణము యంత్రముపై నెక్కింపఁబడి, 1966 లో ఫ్రెంచిభాషయందు గ్రంథముగా వెలువడెను. ప్రశ్నించువాఁడు పత్రికావిలేఖకుఁడు మాత్రమే కాక స్వయముగాఁ గర్తయు నగుటచే, ప్రశ్నలు సామాన్యప్రశంసలయొద్ద నాఁగక, ఈ దృశ్యమున యంత్రము నిచ్చట నేల నిలిపితివి, ఆ విషయమును ముందుగా నేల తెలిపితివి యను తీరున నడచినవి.

ఆ గ్రంథమున మిక్కిలి ప్రసిద్ధమైన భాగము ఆకస్మికాశ్చర్యమునకును, ఉత్కంఠకును గల భేదము. ఇరువురు బల్లయొద్దఁ గూర్చుండి సామాన్యవిషయములను ముచ్చటించుచుందురు. బల్లక్రింద నొక బాంబున్నది. దాని సంగతి ప్రేక్షకుఁ డెఱుఁగకున్న నది ప్రేలినప్పుడు పదునైదు క్షణముల యులికిపాటు మాత్రమే కలుగును. దాని నుంచిన సంగతియుఁ, బ్రేలుటకు మిగిలిన కాలమును బ్రేక్షకునకు ముందే తెలిసినచో నా పసలేని ముచ్చటయే పదునైదు నిమిషముల యుత్కంఠకు మూల మగును. కావునఁ బ్రేక్షకునకు సంగతి ముందుగాఁ దెలుపుటయే మేలని హిచ్‌కాక్ మతము.

సంస్కృతనాటకములను బాఠము చెప్పు పండితున కిది క్రొత్తది కాదు. శాకుంతలచతుర్థాంకారంభమున దుర్వాసశ్శాపము చెలికత్తెలకును బ్రేక్షకులకును మాత్రమే వినఁబడును. శకుంతల యెఱుఁగదు, దుష్యంతుఁ డెఱుఁగఁడు. అత్తవారింటికిఁ బయనమగు నామె నలంకరించుటయందలి ప్రతిమాటయు నా యెఱుకచేతనే బరువెక్కును. పంచమాంకమున రాజు గుఱుతింపక నిరాకరించునప్పుడు సామాజికుఁ డాతనిని ద్వేషింపక యిరువురకొఱకును బరితపించును. శాపవృత్తాంతమును షష్ఠాంకమువఱకు దాఁచి యుంచినచో నొక యులికిపాటు లభించెడిది, కరుణము చెడెడిది. మహాభారతకథయందు లేని యా శాపమును గాళిదాసు కల్పించి, దాని నెవరికిఁ దెలుపవలెనో, ఎవరికిఁ దెలుపరాదో నిర్ణయించినాఁడు. హిచ్‌కాక్ తన పనిముట్ల భాషలోఁ జెప్పినదియు నిదియే. కాళిదాసు స్వయముగా నిట్టి వ్యాఖ్యానము వ్రాయలేదు. సహృదయుఁడు నాటకమునుండి దాని నూహించుకొనవలసి యున్నది.

ఆ సంభాషణమునందు మఱియొక గుణము కలదు. హిచ్‌కాక్ తన తప్పులను గూడఁ జెప్పెను. 1936 నాఁటి సాబటేజ్ అను చిత్రమున నొక బాలుఁడు బాంబని యెఱుఁగక దానిని మోసికొనిపోవుచుండును. ప్రేక్షకులు వెఱపుతోఁ జూచుచుండఁగాఁ దుదకది ప్రేలి బాలుఁడు మరణించును. ఉత్కంఠను బెంచి పెంచి, ప్రేక్షకులకుఁ బ్రీతిపాత్రుఁడగు బాలునిఁ జంపుట తన లోపమని యాతఁ డంగీకరించెను. కర్త తన విజయములనుగూర్చి చెప్పిన పది మాటలకంటె, లోపమునుగూర్చి చెప్పిన యొక్కమాట విద్యార్థికి నెక్కువ యుపకరించును. ఆ మాట చెప్పుటవలనఁ గర్తకు లాభము లేదు గనుక దానియందు నమ్మకమును నెక్కువ.

వంగదేశమున సత్యజిత్ రాయి యీ మార్గమును జాలకాలము నడపెను. 1947 లోఁ గలకత్తా ఫిల్ముసంఘమును స్థాపించినవారిలో నాతఁ డొకఁడు. 1949 లో ఫ్రెంచిదర్శకుఁడు ఝాఁ రెన్వారు తన చిత్రమునకుఁ దావులు వెదకుటకై వంగదేశమునకు వచ్చినప్పుడు రాయి యాతనివెంటఁ దిరిగి, పెద్దకర్త లోకమును జూచు తీరును బ్రత్యక్షముగాఁ జూచెను. శిష్యుఁడై విన్నదానిని దాను గర్తయైన పిదప నితరులకుఁ జెప్పెను. ఆతని యాంగ్లవ్యాసములు 1976 లో నొక సంపుటముగా వెలువడినవి. బాలురకొఱకు సందేశ్ పత్రికలో వంగభాషయందు వ్రాసిన చిత్రీకరణానుభవములు పిమ్మట గ్రంథరూపము దాల్చినవి.

పథేర్ పాంచాలిచిత్రమునకు 1952 అక్టోబరు 27 వ తేదిని బని యారంభమయ్యెను. అక్కాతమ్ములు రెల్లుపూలచేనిలోఁ బరుగిడి రైలుబండిని జూచు దృశ్యము మొదట నెత్తుకొనఁబడెను. ఒకనాఁటి పని ముగిసి, మరల సెలవుదినమున నచ్చటికిఁ బోయి చూడఁగాఁ బశువులు పూలన్నింటిని మేసివేసి యుండెను. మఱుసటి ఋతువున మరలఁ బూయువఱకు నా దృశ్యము నిలిచిపోయెను. తెరమీఁద నది యొక్క పరుగు. నిజమునకు నడుమ నొక యేఁడు గడచినది.

ఆ చిత్రముననే మిఠాయివాఁడు ముందు నడువ, పిల్ల లిద్దఱు వెనుక నడువ, వారివెంట నొక కుక్కయుఁ బోవును. కుక్క తనంత వారిని వెంబడింపకపోవుటచే, దుర్గపాత్ర వహించిన బాలిక వెనుకకుఁ బెట్టుకొన్న చేతిలో మిఠాయి నుంచుకొని నడచె నని రాయి బాలురకుఁ జెప్పెను. ధనాభావముచేఁ బని పలుమాఱు లాఁగిపోవుటవలన నా కుక్కయుఁ జచ్చెను. దానిని బోలిన వేఱొకదానితో మిగిలినది పూర్తిచేసిరి. మిఠాయివాని పాత్ర వహించిన వ్యక్తియు నడుమ మరణించెను. మొగమునఁ బోలిక లేకున్నను దేహమున స్థూలత్వము గల మఱియొకనిఁ దెచ్చి, యంత్రమున కాతని వీఁపు మాత్రము కనఁబడునట్లు నడిపించి దృశ్యమును ముగించిరి. వెదురుపొదలచెంతనుండి వచ్చినవాఁడు వేఱు. ఇంటిలోనికిఁ బోయినవాఁడు వేఱు. 1955 లోఁ జిత్రము విడుదలయైనప్పుడు ప్రేక్షకు లిరువురను నొక్కనిఁగనే చూచిరి.

పుదోవ్కిన్ మాటకును, రాయి మాటకును గల యంతర మిచ్చటఁ దెలియును. పథేర్ పాంచాలి నిలిచి యున్నది. రాయి చెప్పినదానిని విని, చిత్రమును మరలఁ జూచి, మిఠాయివాని వీఁపును, దుర్గ చేతిని బరిశీలింపవచ్చును. సాక్షిమాటకు లక్ష్యము తోడైనది. అంతేకాక యా మాటవలన నొక సత్యము బోధపడును: కథయందలి యేకత్వము వస్తువులయం దున్నది కాదు, నడకయందును, దృష్టికోణమునందును గర్త నిలిపినది. రెండు కుక్క లొక్క కుక్కయై, రెండు ఋతువు లొక్క మధ్యాహ్నమగుటకు హేతు వదియే.

వీనినిబట్టి చలనచిత్రకర్తల మాటలను మూఁడు తెఱఁగులుగా విడఁదీసి చూచుట యుక్తము. ఏమి చేసితి మనునది మొదటిది. దీనికిఁ గర్తయే ముఖ్యసాక్షి; ఐనను జ్ఞాపకము తప్పుట కవకాశము కలదు గనుక, చిత్రముతోను, నాఁటి పత్రములతోను సరిచూడవలెను. ఏల చేసితి మనునది రెండవది. ఇందుఁ బని జరిగిననాఁటి సంకల్పమును, పేరు వచ్చినపిదపఁ దోఁచిన సమర్థనమును గలసిపోవచ్చును; కాఁబట్టి పని జరిగినకాలమునకు సమీపమున వ్రాసినదానికి విలువ యెక్కువ. దాని యర్థ మేమి, ఫల మేమి యనునది మూఁడవది. ఇక్కడఁ గర్తయు నొక ప్రేక్షకుఁడే. కారయిత్రి యధికార మంతటితో ముగియును. భావయిత్రి యధికార మక్కడ మొదలగును. పుదోవ్కిన్ ప్రసంగమున నీ మూఁడును గలసిపోయి, చూపరుల మనస్సున జరిగినదానికిఁ గూడఁ గర్తయే సాక్షియగుటచేతనే సందేహము పుట్టినది.

తెలుఁగుదేశమున కీ విచారము దూరమైనది కాదు. తెలుఁగువారి తొలినాళ్ల మూకచిత్రములలో నొకటియు, రఘుపతి వెంకయ్య కుమారుఁడు ప్రకాశు తీసినదియు నగు భీష్మప్రతిజ్ఞ నేఁడు చూడ లభింపదు. చిత్రము లేనిచోటఁ గర్త వ్రాసిన లేఖయో, చెప్పిన మాటయో దొరికినను నది చిత్రము కాఁజాలదు. పుదోవ్కిన్ ప్రయోగమువలెనే సరిచూచుట కాధారము లేని సాక్ష్యమై నిలుచును. చిత్రముండి కర్త మాట లేనిచోఁ బని జరిగిన తీరు తెరవెనుకనే యుండిపోవును. కాఁబట్టి చిత్రమును గాపాడుటయుఁ, గర్త జీవించియున్నపుడే యాతని నెఱిఁగినవాఁడు ప్రశ్నించి, తేదీతో వ్రాసి యుంచుటయు నొక్క పనియొక్క రెండు భాగములు. సూత్రమును జెప్పి దాని ప్రక్కనే లక్ష్యమును నిలిపిన విద్యానాథుని గ్రంథము మార్గమిదియే. ఆ రెండును జేరియున్నపుడే పాఠము చెప్పువాఁడు సూత్రమును జదివి, లక్ష్యమును జూపి, నిజమో కాదో విద్యార్థినే తేల్చుకొమ్మనఁ గలఁడు.